జపాన్ గ్రూప్ టూర్, అమ్మానాన్నలతో: ఏం చూపిస్తారు, ఏం తినాలి, ఎంత నడవాలి?

కృష్ణలంక:
అందరికీ నమస్కారం. నవంబరు చివర్లో అమ్మానాన్నలతో జపాన్ వెళ్దామని గట్టిగా అనుకుంటున్నాం. హైదరాబాద్ నుంచి బయల్దేరే గ్రూప్ టూర్ ఒకటి చూశాను, మనిషికి మూడు లక్షల పైచిలుకు. టోక్యో, హకోనే, క్యోటో, నారా, ఒసాకా. మధ్యలో బుల్లెట్ ట్రైన్. హిరోషిమా కావాలంటే విడిగా డబ్బు కట్టాలట. నాన్నకి అరవై ఎనిమిది, మోకాళ్లు అంతంతమాత్రం. అమ్మ శాకాహారి, పైగా కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి ముట్టదు. నాకేమో పాత గుళ్లు తీరిగ్గా చూడాలని ఉంది. మా తమ్ముడు ‘గ్రూప్ టూర్ అంటే బస్సు దిగడం, ఫొటో దిగడం, మళ్లీ బస్సెక్కడం’ అని ఒకటే వెక్కిరింపు. వెళ్లొచ్చినవాళ్లు, అక్కడే ఉంటున్నవాళ్లు కాస్త చెప్పండి. అడ్వాన్స్ కట్టడానికి వారమే గడువుంది.

గోదారిగట్టు:
మీ తమ్ముడి మాటలో సగం నిజం ఉందమ్మా. నేనూ మా ఆవిడా రిటైరయ్యాక ఇలాంటి టూర్‌లోనే వెళ్లొచ్చాం. వాళ్లిచ్చిన కాగితంలో ప్రతి చోటికీ ఎదురుగా ‘ప్రవేశ టికెట్‌తో సహా’ అని ఉందో, ఉత్తినే ‘సందర్శన’ అని ఉందో చూడండి. ఆ రెండోది ఉన్నచోట చాలాసార్లు గేటు బయట పావుగంట ఆపి ఫొటోలు దింపి తీసుకొచ్చేస్తారు. ఒసాకా కోటకి ఎక్కువగా జరిగేది ఇదే.

ఇంకో సంగతి. క్యోటోలో గుళ్లు చాలావరకు సాయంత్రం ఐదింటికల్లా మూసేస్తారు, అరగంట ముందే టికెట్లు ఆపేస్తారు. సాన్‌జూసాన్‌గెన్‌దో లాంటివి నవంబరు మధ్య నుంచి ఇంకా ముందే మూస్తారు. మీరు వెళ్లే రోజుల్లో ఐదుకే చీకటి పడుతుంది. అందుకని ‘ఉదయం హకోనే నుంచి బయల్దేరి, మధ్యాహ్నం క్యోటో చేరి, మూడు గుళ్లు చూసి’ అని రాసి ఉంటే నమ్మకండి. ఆ మూడింట్లో ఒకటి దక్కితే గొప్ప. క్యోటోలో పూర్తి రోజులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, రాత్రుళ్లు కాదు. రెండు పూర్తి రోజులకి తగ్గితే గుళ్ల కోసం ఆ టూర్ వద్దు.

ఓరుగల్లు:
అక్కా, టూర్ ఎందుకు అసలు? జపాన్‌లో తప్పిపోదామన్నా తప్పిపోలేం. బోర్డులన్నీ ఇంగ్లిష్‌లో కూడా ఉంటయ్, రైలు ఏ ప్లాట్‌ఫారం, ఏ బోగీ ఎక్కడ ఆగుతుందో నేలమీద గీతలతో సహా ఉంటది. ఆ మూడు లక్షల్లో మీకు నచ్చిన హోటల్ తీసుకుని హాయిగా తిరగొచ్చు. ఒక్క మాట మాత్రం, పాత వీడియోలు చూసి జేఆర్ పాస్ (టూరిస్టులు రైళ్లలో ఎన్నిసార్లయినా తిరిగే పాస్) కొనకండి. 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్ 29,650 యెన్ల నుంచి ఒకేసారి 50,000కి పెంచిండ్రు. టోక్యో నుంచి క్యోటోకి బుల్లెట్ ట్రైన్ ఒకవైపు 14,000 యెన్ల దాకా అయితది. మీ రూట్‌కి పాస్ డబ్బు తిరిగి రాదు. విడి టికెట్లే నయం.

గోదారిగట్టు:
ఓరుగల్లు గారూ, మీ వయసులో నేనూ అదే అనేవాణ్ణి. టోక్యో స్టేషన్‌లో ఒక లైను దిగి ఇంకో లైను ఎక్కడానికి భూమి కింద ఎంత నడవాలో మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లని అడగండి. లిఫ్టు లేక కాదు. ఆ లిఫ్టు స్టేషన్‌కి ఒక మూల, మన గేటు ఇంకో మూల. బస్సయితే గుడి దగ్గర్లో దింపుతుంది. అలాగని గుమ్మం దాకా తీసుకెళ్తుందనుకోకండి. కియోమిజు గుడికి బస్సులు ఆగే చోటు నుంచి పది నిమిషాల పైగా ఎత్తు ఎక్కాలి, దారికి రెండువైపులా దుకాణాలు, జనం. నాన్నగారు మధ్యలో కూర్చోవడానికి ఏదైనా టీ దుకాణం చూసుకుని మెల్లగా ఎక్కాలి. గైడ్ జెండా పట్టుకుని ముందు పోతుంటే మెల్లగా ఎక్కడం కుదరదు, గ్రూప్ టూర్‌లో అసలు ఇబ్బంది అక్కడే.

నిషికసాయి వాసి:
నేను టోక్యోలో ఎడోగావా వార్డులో ఉంటాను, మనవాళ్లు ఎక్కువున్న చోటు. వేసవి సెలవుల్లో వచ్చే చుట్టాలకి చెప్పి చెప్పి తిండి సంగతి నాకు కంఠతా వచ్చేసింది.

ఇక్కడ శాకాహారం అంటే కూరగాయలు కనబడితే చాలని అనుకుంటారు. ఇబ్బంది ‘దాషి’తో. అది ఎండబెట్టిన చేపని చెక్కపేడుల్లా చెక్కి, నీళ్లలో మరిగించి తీసే చారు. మీసో సూప్, ఉడాన్ నూడుల్స్, కూర, చివరికి కొన్ని పచ్చళ్లలో కూడా అదే ఉంటుంది. ‘మాంసం వద్దు, చేప వద్దు’ అంటే ముక్కలు తీసి చారు అలాగే ఇస్తారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్ల లెక్కలో చారు చేప కాదు. కాబట్టి అమ్మగారి విషయంలో దాషి కూడా వద్దని జపనీస్‌లో రాసిన చీటీ ఒకటి దగ్గర పెట్టుకోండి.

అమ్మగారికి సరిగ్గా సరిపోయే భోజనం ఇక్కడే ఉంది. బౌద్ధ మఠాల్లో వండే షోజిన్ ర్యోరిలో మాంసం, చేప ఉండవు, సంప్రదాయంగా ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. క్యోటో అరాషియామాలో తెన్‌ర్యూ-జి గుడి ఆవరణలోనే షిగెత్సు అనే భోజనశాల ఉంది. ఎర్ర పళ్లెంలో చిన్న చిన్న గిన్నెలు. నువ్వులతో చేసిన టోఫు ముద్ద ఒకటి, ఉడికించిన ముల్లంగి, పలచని చారు, అన్నం. నేలమీద చాపల మీద కూర్చుని తినాలి, నాన్నగారి మోకాళ్ల సంగతి చూసుకోండి. కారం ఉండదని ముందే చెప్పి తీసుకెళ్లండి, లేకపోతే మా మామగారిలా ‘ఇంతేనా’ అంటారు.

మిగతా పూటలకి కన్వీనియెన్స్ స్టోర్లే దిక్కు. ప్లాస్టిక్ గిన్నెలో వండి అమ్మే తెల్లన్నం దొరుకుతుంది, కౌంటర్ దగ్గర ఓవెన్‌లో వేడి చేసి ఇస్తారు. ప్లెయిన్ పెరుగు దొరుకుతుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ ఉంటే ఆ పూట గడిచిపోయినట్టే.

ఉలవచారు:
ఆవకాయ ఎయిర్‌పోర్టులో తీసేసుకోరా? మా పిన్ని వాళ్లకి భయపెట్టారు.

నిషికసాయి వాసి:
నూనెలో ఊరిన మామిడికాయ పచ్చడితో మాకెవరికీ ఇబ్బంది రాలేదు, గట్టిగా ప్యాక్ చేసి చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. తీసుకురాకూడనిది మాంసంతో చేసింది ఏదైనా. గోంగూర మటన్ పచ్చడి, చికెన్ పచ్చడి, వీటికి మాత్రం అస్సలు ఆశ పెట్టుకోవద్దు, జరిమానా దాకా వెళ్తుంది. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు, పచ్చిమిర్చి కూడా తెచ్చుకోవద్దు, తెగుళ్ల తనిఖీలో ఆపేస్తారు. బ్యాగులు వచ్చే బెల్టు దగ్గర వాసన పట్టే కుక్కలు తిరుగుతుంటాయి. కరివేపాకు ఎండబెట్టి పొడి చేసి పోపులో వేసేసి తెచ్చుకోండి, గొడవుండదు.

మందుల సంగతి కూడా. మామూలు మందులు నెలకి సరిపడా తెచ్చుకోవచ్చు, డాక్టర్ చీటీతో. కానీ మన దగ్గర జలుబుకి ఇట్టే కొనేసే కొన్ని మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటుంది, దగ్గు మందుల్లో కోడీన్ ఉంటుంది. వీటి మోతాదు మీద ఇక్కడ కఠినమైన నిబంధనలున్నాయి. మీకు తెలిసిన ఫార్మసిస్టుకి జాబితా చూపించి అవి ఉంటే తీసేయించండి.

కృష్ణలంక:
అబ్బ, మటన్ పచ్చడి సంగతి తెలియకపోతే నాన్న కోసం పెట్టేసేదాన్నే. ధన్యవాదాలండీ. మా టూర్‌లో రోజూ రాత్రి ఇండియన్ డిన్నర్ ఇస్తామన్నారు. అది మంచిదేనా?

బస్సు ముందు సీటు:
నేను టూర్ మేనేజర్‌గా చేస్తాను. ఏ కంపెనీ అని అడగొద్దు. ఇండియన్ డిన్నర్ గురించి నా మాట వినండి. అది మా గ్రూపుల్లో గొడవలు రాకుండా కాపాడేది, అలాగే మీ సాయంత్రాన్ని మింగేసేదీ అదే. నలభై మందికి ఒకేసారి వడ్డించగల రెస్టారెంట్ ఊరి మధ్యలో దొరకదు. దానికోసం ట్రాఫిక్‌లో ముప్పావుగంట, తిని హోటల్‌కి ఇంకో ముప్పావుగంట. పైగా రోజూ అదే పనీర్, అదే పప్పు, అదే నాన్. ‘కొన్ని రాత్రులు మేం బయట తింటాం’ అని ముందే చెప్పండి. డబ్బు తిరిగి ఇవ్వరు, కానీ సాయంత్రం మీకు మిగులుతుంది.

బస్సు సమయాల గురించి కూడా తెలుసుకోవాలి. జపాన్‌లో డ్రైవర్ల పని గంటల నియమాలు చాలా గట్టివి. ఉదయం గ్యారేజీలో బండి తీసిన దగ్గర్నుంచి లెక్క మొదలు. ఎవరో ఇద్దరు షాపింగ్‌లో అరగంట ఆలస్యమైతే ఆ అరగంట చివరి గుడి నుంచి కోసుకోవాల్సిందే. డ్రైవర్‌ని బతిమాలితే ఇంకో గంట నడుపుతాడనే మన ఊరి లెక్క అక్కడ చెల్లదు. మీరు ఉదయమే సిద్ధంగా ఉన్నా, గ్రూపులో ఒక కుటుంబం రోజూ లేటయితే నష్టపోయేది మీరే. అందుకే ఎంతమంది గ్రూపో అడగండి. ఇరవై మంది దాటకపోతే అదృష్టం.

బుల్లెట్ ట్రైన్ గురించీ అడగండి. ఎక్కడి నుంచి ఎక్కడికి? చాలా ప్యాకేజీల్లో హకోనే దగ్గరి ఒదవారా నుంచి నగోయా దాకా, ఒక్కోసారి అంతకన్నా తక్కువ దూరం ఎక్కించి ‘అనుభవం’ అని రాస్తారు. మిగతా దారంతా బస్సే. టోక్యో నుంచి క్యోటోకి నేరుగా నొజోమి రైల్లో రెండుంబావు గంటలు. బస్సులో అయితే రోజంతా పోతుంది. ఈ ఒక్క తేడా వల్లే క్యోటోలో మీకు ఒక పూట దక్కడమో పోవడమో జరుగుతుంది.

ఓరుగల్లు:
సామాన్లు? నలభై మంది, ఎనభై సూట్‌కేసులు. రైలు స్టేషన్‌లో ఆగేదే ఒకటి రెండు నిమిషాలు కదా.

బస్సు ముందు సీటు:
సూట్‌కేసులు రైల్లోకి తీసుకురానివ్వం. ముందురోజు రాత్రే హోటల్ నుంచి లారీలో తర్వాతి ఊరి హోటల్‌కి పంపించేస్తాం. మీ దగ్గర ఒక రాత్రికి సరిపడా చిన్న బ్యాగు ఉంటుంది. మందులు, పాస్‌పోర్టు, నైట్ డ్రెస్ అందులో పెట్టుకోండని ఎంత చెప్పినా ప్రతి ట్రిప్పులోనూ ఎవరో ఒకరు బీపీ మాత్రలు పెద్ద సూట్‌కేసులో వదిలేస్తారు. విడిగా వెళ్లేవాళ్లు కూడా ఈ సౌకర్యం వాడుకోవచ్చు, హోటల్ రిసెప్షన్‌లో ఇస్తే మర్నాటికల్లా చేరుస్తారు. సొంతంగా రైల్లో పెద్ద సూట్‌కేసు తీసుకెళ్లాలంటే, పొడవు వెడల్పు ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటితే దానికి తగ్గ సీటు ముందే రిజర్వు చేసుకోవాలి.

పాతరాతియుగం:
చర్చంతా బస్సుల మీదే నడుస్తోంది, గుళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. కృష్ణలంక గారు పాత గుళ్లు చూడాలన్నారు. కానీ గ్రూప్ టూర్ జాబితాల్లో పైన ఉండేవి చాలావరకు పాతవి కావు. అసాకుసాలో సెన్సో-జి టోక్యోలోకెల్లా పాత గుడి, కథ ఏడో శతాబ్దానికి వెళ్తుంది. మీరు చూసే ప్రధాన ఆలయం మాత్రం 1945 బాంబుదాడిలో కాలిపోయాక 1958లో కాంక్రీటుతో కట్టింది. క్యోటో బంగారు గుడి కింకాకు-జిని 1950లో అక్కడి శిష్య సన్యాసి ఒకడు తగలబెట్టాడు. ఇప్పుడు ఉన్నది 1955 నాటిది. ఒసాకా కోట 1931 నాటి కాంక్రీటు భవనం, లోపల లిఫ్టు ఉంటుంది. ఇవి చూడొద్దని కాదు. చెరువులో బంగారు గుడి నీడ చూస్తే ఎవరికైనా నోట మాట రాదు. కానీ ఇవి మాత్రమే చూసి ‘జపాన్ పాత గుళ్లు చూశాం’ అనుకుంటే ఎలా?

పాతది చూడాలంటే నారా దగ్గర హోర్యూ-జి. ప్రపంచంలో నిలిచి ఉన్న చెక్క కట్టడాల్లో అన్నిటికన్నా పాతవి అక్కడి స్వర్ణ మందిరం, అయిదంతస్తుల గోపురం. పదమూడు వందల ఏళ్ల నాటి హినోకి (సైప్రస్ జాతి) చెక్క స్తంభాలు. నారా నుంచి రైల్లో పన్నెండు నిమిషాలు, ఆ తర్వాత కొంచెం నడక. గ్రూప్ బస్సులు దాదాపు ఎప్పుడూ అటు పోవు, ఎందుకంటే అక్కడ జింకలు లేవు.

గోదారిగట్టు:
జింకల మాట నిజం. నారాలో మాకిచ్చిన సమయంలో సగం జింకలకి బిస్కట్లు పెట్టడానికే పోయింది. అవి వంగి దణ్ణం పెడతాయి, బిస్కట్ ఆలస్యమైతే చొక్కా పట్టుకు లాగుతాయి. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి టూర్ కాగితం లాగి నమిలేసింది ఒకటి.

పాతరాతియుగం:
నారాలో తోడై-జి మాత్రం ఏ టూర్‌లోనూ వదలరు, వదలకూడదు కూడా. పదిహేను మీటర్ల కంచు బుద్ధుడు, వైరోచనుడు. 752లో ఆ విగ్రహానికి కళ్లు తెరిపించే ఉత్సవం చేసింది మన దక్షిణాది నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు. 736లో జపాన్ చేరాడు, 760లో అక్కడే కాలం చేశాడు. ఆయన కళ్లు దిద్దిన కుంచెకి పొడవాటి పట్టు తాళ్లు కట్టారు. కింద నిలబడ్డ జనమంతా ఆ తాళ్లు పట్టుకున్నారు, పుణ్యం అందరికీ అందాలని. ఆ కుంచె, నీలిరంగు తాడు షోసోయిన్ ఖజానాలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. తర్వాత గుడి 1180లో ఒకసారి, 1567లో ఇంకోసారి కాలిపోయింది. ఇప్పుడున్న మండపం 1709 నాటిది, ముందున్నదానికంటే చిన్నది. ఆ చిన్నదాని ముందు నిలబడితేనే మెడ నొప్పెడుతుంది.

క్యోటోలో నేను పట్టుబట్టి చూడమనేది సాన్‌జూసాన్‌గెన్‌దో. 1266 నాటి చెక్క మందిరం, నూట ఇరవై మీటర్ల పొడవు. లోపల వెయ్యి నిలువెత్తు అవలోకితేశ్వర విగ్రహాలు వరుసలుగా, మధ్యలో పెద్దది ఒకటి కూర్చుని. వాటి ముందు ఇరవై ఎనిమిది మంది రక్షక దేవతలు. దగ్గరికి వెళ్లి చూడండి. బ్రహ్మ ఉన్నాడు, ఇంద్రుడు ఉన్నాడు. గరుత్మంతుడు రెక్కలతో, ముక్కుతో నిలబడి వేణువు ఊదుతున్నాడు. ఎముకల గూడులా చిక్కిపోయిన ముసలి ముని ఒకడు కర్ర పట్టుకుని మనవైపే అడుగేస్తున్నట్టుంటాడు, మెడ నరాలు కూడా చెక్కారు. ఫొటోలు నిషేధం. మీ తమ్ముడు చెప్పిన ‘ఫొటో దిగి బస్సెక్కే’ వాళ్లకి ఇక్కడ పని లేదు, అందుకే లోపల కాస్త నిశ్శబ్దంగా కూడా ఉంటుంది. నేల చదునుగా ఉంటుంది, నాన్నగారికి ఇబ్బంది లేదు.

ఉలవచారు:
గరుత్మంతుడు పిల్లనగ్రోవి ఊదడమా! ఇది వినలేదు. మన దేవుళ్లు ఇంకెవరైనా ఉన్నారా అక్కడ?

నిషికసాయి వాసి:
చాలామందే. సరస్వతి ఇక్కడ బెంజైతెన్, చేతిలో వీణకి బదులు బివా. టోక్యో ఉఎనో పార్కులో తామరల చెరువు మధ్యలో ఆవిడ గుడి ఉంది. గ్రూపులు ఉఎనో వస్తే చెరువు పక్కనుంచే పోతారు, లోపలికి వెళ్లరు. వినాయకుడు కాంగితెన్. అసాకుసాలో పెద్ద గుడి నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో మత్సుచియామా షోదెన్ అని ఆయన గుడి ఉంది. అక్కడ ఉండ్రాళ్లు కాదు, ముల్లంగి నైవేద్యం. గుడి దగ్గరే ముల్లంగి కొనుక్కుని పెట్టొచ్చు. విగ్రహం మాత్రం చూపించరు. సెన్సో-జిలో గ్రూపుకిచ్చే ‘ఫ్రీ టైమ్’లో బొమ్మల దుకాణాలు తిరగకుండా అటు వెళ్లి రావచ్చు.

పల్నాడు రోడ్డు:
తెలుగువాళ్లకి ఇంకో దగ్గరి చుట్టం ఉన్నాడు, ఎవరూ చెప్పలేదు. ఆచార్య నాగార్జునుడు. మన నాగార్జునకొండ పేరులోని ఆయనే. జపాన్‌లో ఆయన్ని ర్యూజు అంటారు, ఎనిమిది బౌద్ధ శాఖలకి మూలపురుషుడిగా కొలుస్తారు. జోడో షిన్‌షూ శాఖవాళ్ల ఏడుగురు గురువుల వరుసలో మొదటి పేరు ఆయనదే. ఆ శాఖ ప్రధాన ఆలయాలు నిషి హొంగాన్-జి, హిగాషి హొంగాన్-జి క్యోటో స్టేషన్ నుంచి నడక దూరంలో ఉన్నాయి. టికెట్ లేదు. చెప్పులు విప్పి లోపలికెళ్లి చాప మీద కూర్చోవచ్చు, ఎవరూ లేవమనరు. పొద్దున బస్సు బయల్దేరేలోపు కూడా వెళ్లి రావచ్చు, గుడి తొందరగా తెరుస్తారు. మీ హోటల్ క్యోటో స్టేషన్ దగ్గర పడితే ఇది వదులుకోవద్దు.

కృష్ణలంక:
ఇది చదివి నాన్న మొదటిసారి ఈ ప్రయాణం మీద ఉత్సాహం చూపించారు. ఆయన ఉద్యోగంలో ఉన్నప్పుడు మాచర్లలో పనిచేశారు, వచ్చిన చుట్టాలందర్నీ లాంచీలో నాగార్జునకొండకి తీసుకెళ్లేవారు. ‘ఆ గుడికి వెళ్దాం, మిగతావి మీ ఇష్టం’ అంటున్నారు.

ఇంకో ప్రశ్న. క్యోటోలో ఫుషిమి ఇనారి గుడికి మెట్లు చాలా ఉంటాయా? ఎర్ర ద్వారాల ఫొటో అమ్మకి కావాలట. హిరోషిమాకి విడిగా డబ్బు కట్టడం దండగా?

గోదారిగట్టు:
ఫుషిమి ఇనారి కొండ మొత్తం తిరగాలంటే రెండు మూడు గంటలు పడుతుంది, అన్నీ మెట్లే. ఎత్తు 233 మీటర్లు. అమ్మగారికి కావాల్సిన ద్వారాల వరుస మొదట్లోనే వస్తుంది, కొద్దిపాటి మెట్లతో. ఆ వరుస దాటాక చిన్న మందిరం ఉంది, అక్కడినుంచి వెనక్కి తిరిగిపోవచ్చు. టికెట్ లేదు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. పొద్దున్నే ఏడింటిలోపు వెళ్తే ఫొటోలో అమ్మగారు తప్ప ఎవరూ ఉండరు. టూర్‌వాళ్లు పదకొండింటికి తీసుకెళ్తారు, అప్పుడు సంక్రాంతి రద్దీలో ఎర్ర బస్సెక్కినట్టే ఉంటుంది.

తెల్లకాగితం:
హిరోషిమా దండగ కాదండీ. నన్నడిగితే ఒసాకాలో దోతోంబోరి షాపింగ్ సాయంత్రం వదిలేసైనా వెళ్లమంటాను. షిన్-ఒసాకా నుంచి బుల్లెట్ ట్రైన్‌లో గంటన్నర. అణుబాంబు స్మారక మ్యూజియం టికెట్ 200 యెన్లే. లోపల తుప్పు పట్టిన మూడు చక్రాల సైకిల్ ఒకటి ఉంది. బాంబు పడ్డప్పుడు దాన్ని తొక్కుకుంటూ చనిపోయిన పిల్లాడికి నాలుగేళ్లు కూడా నిండలేదు. వాళ్ల నాన్న పిల్లాణ్ణి ఒంటరిగా శ్మశానంలో పెట్టలేక, సైకిల్‌తో పాటు పెరట్లోనే పాతిపెట్టాడు. నలభై ఏళ్ల తర్వాత, 1985లో తవ్వి తీసి మ్యూజియానికి ఇచ్చాడు. నేను దాని ముందు నిలబడ్డప్పుడు మా గ్రూపులో ఎప్పుడూ వాగే కుర్రాళ్లు కూడా నోరు మెదపలేదు.

నదిలో పడవెక్కితే మియాజిమా దీవి దాకా నేరుగా వెళ్లే పడవలూ ఉన్నాయి. సముద్రంలో నిలబడ్డ ఎర్ర ద్వారం అక్కడే. పోటు ఉంటే నీళ్లలో తేలుతున్నట్టుంటుంది, ఆటు ఉంటే నడిచి దగ్గరికి వెళ్లొచ్చు. హిరోషిమా, మియాజిమా రెండూ ఒకే రోజులో అంటే అమ్మానాన్నలు అలసిపోతారు. ఒకటే కుదిరితే మ్యూజియమే చూడండి. 2023 మే నెలలో పెట్టిన గాంధీగారి విగ్రహం కూడా ఆ ఊళ్లోనే నది ఒడ్డున ఉంది.

ఓరుగల్లు:
సరే, నా వాదన కొంచెం మార్చుకుంటున్న. పెద్దవాళ్లున్నప్పుడు టోక్యో, హకోనే గ్రూపుతో తిరిగి, చివర్లో రెండు మూడు రోజులు క్యోటోలో సొంతంగా ఉండిపోతే? తిరుగు టికెట్ వెనక్కి జరిపించుకుంటే సరి.

బస్సు ముందు సీటు:
చేయొచ్చు, చాలామంది చేస్తున్నారు. కానీ బుక్ చేసేటప్పుడే చెప్పాలి. వీసా దరఖాస్తులో ఏ రోజు ఏ ఊళ్లో ఏ హోటల్లో ఉంటారో రోజువారీగా రాసి ఇవ్వాలి. గ్రూపువాళ్లు ఒక కాగితం ఇచ్చి మీరు ఇంకోలా ఉండిపోతే బాగుండదు. గ్రూప్ విమాన టికెట్లలో తేదీ మార్పు కూడా తర్వాత కుదరదు, మొదటే విడిగా తీయించుకోవాలి. ఈ-వీసా వస్తే ఒక జాగ్రత్త. విమానం ఎక్కేచోట ఫోన్‌లో ఇంటర్నెట్‌తో తెరిచి చూపించాలి, స్క్రీన్‌షాట్, ప్రింటు చెల్లవంటారు. కాబట్టి అమ్మానాన్నల ఫోన్లలో కూడా ముందే లాగిన్ చేసి పెట్టండి. ప్యాకేజీ డబ్బు కట్టేటప్పుడు టీసీఎస్ అని పన్ను పట్టుకుంటారు. అది ఖర్చు కాదు, మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్నులు వేసినప్పుడు లెక్కలోకి వస్తుంది. నాన్నగారి పాన్ మీద కట్టాలా, మీ పాన్ మీదా అన్నది ముందే అనుకోండి.

ఉలవచారు:
టిప్పులు? ‘జపాన్‌లో టిప్పు ఇవ్వరు’ అంటారు కదా, మరి మా పిన్ని వాళ్ల దగ్గర రోజుకింతని ముందే వసూలు చేశారు.

బస్సు ముందు సీటు:
ఇబ్బంది పెట్టే ప్రశ్న అడిగారు. అక్కడి హోటల్లో, టాక్సీలో ఇవ్వక్కర్లేదు, ఇచ్చినా తిరిగి ఇచ్చేస్తారు. గ్రూపులో వసూలు చేసేది గైడ్, డ్రైవర్, మాలాంటివాళ్ల కోసం. ప్యాకేజీ ధర తక్కువగా కనబడాలని దాన్ని విడిగా రాస్తారు. ధరలు పోల్చేటప్పుడు టిప్పు, హిరోషిమా, ‘ఐచ్ఛికం’ అని రాసినవన్నీ కలిపి చూడండి.

కృష్ణలంక:
అందరికీ చాలా చాలా థాంక్స్. కంపెనీవాళ్లతో ఇవాళ గంటసేపు మాట్లాడాను. బుల్లెట్ ట్రైన్ ఒదవారా నుంచి నగోయాకేనట, బస్సు ముందు సీటు గారు చెప్పినట్టే. గ్రూపు ముప్పై ఎనిమిది మంది. క్యోటోలో ఉన్నది ఒకటిన్నర రోజు, సాన్‌జూసాన్‌గెన్‌దో జాబితాలోనే లేదు. ఇంకో కంపెనీ దగ్గర ఇరవై రెండు మందితో ఒకటి దొరికింది, నలభై వేలు ఎక్కువ. టోక్యో నుంచి క్యోటోకి నేరుగా రైలు, హిరోషిమా కలిపే ఉంది. వాళ్లు గ్రూపు తిరిగొచ్చాక మాకు మాత్రం మూడు రోజులు క్యోటోలో పొడిగించడానికి ఒప్పుకున్నారు. ఆ మూడు రోజులకి స్టేషన్ దగ్గర హోటల్ చూస్తున్నాను. నాగార్జునుడి గుడి, హోర్యూ-జి, అమ్మకి తెన్‌ర్యూ-జి భోజనం. కియోమిజు నవంబరు రెండో సగంలో దీపాలతో రాత్రి తొమ్మిదింటి దాకా తెరిచి ఉంచుతారట కదా, ఒక సాయంత్రం అది. నాన్న కోసం టాక్సీకి విడిగా డబ్బు పక్కన పెట్టాను.

చివరిగా చిన్న ప్రశ్న. అక్కడ చార్జర్లు పనిచేస్తాయా? అమ్మ చిన్న ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ తీసుకొస్తానంటోంది.

నిషికసాయి వాసి:
ఫోన్ చార్జర్లు పనిచేస్తాయి, రెండు చదును పిన్నుల అడాప్టర్ తెచ్చుకుంటే చాలు. కుక్కర్ మాత్రం వద్దని చెప్పండి. ఇక్కడ కరెంటు 100 వోల్టులే, మన కుక్కర్ సరిగ్గా ఉడకదు, పైగా హోటల్ గదుల్లో వంట చేయనివ్వరు. గదిలో కెటిల్ ఉంటుంది. ఉప్మా మిక్స్, అటుకులు, పులిహోర ముద్ద తెచ్చుకోమనండి. టోక్యోలో ఉన్న రోజుల్లో ఒక పూట మా ఇంటికి రండి, సాంబారు మేం పెడతాం. వివరాలు ప్రైవేట్ మెసేజ్‌లో పంపిస్తాను.

ఉలవచారు:
మమ్మల్నీ పిలవండి మరి.